ఊపిరికి కావలి

మనుష్యునికి దినమొకటికి 21,600 శ్వాసలని మన పెద్దలు లెక్క వేసిరి. హంసజపమనియు, అజపయనియు చెప్పబడు ఈ సంఖ్యను పురాణశ్రవణము చేసిన ప్రతివాడును ఎఱుగును. దీనిని గడియారముతో సరిచూచినచో నిమిషమునకు 15 వచ్చును. విశ్రాంతిగా కూర్చున్న వయోజనుడు నిమిషమునకు 12 మొదలు 20 సారుల వఱకు ఊపిరి తీయునని నేటి వైద్యులు చెప్పుచున్నారు గనుక పెద్దల లెక్క కేవల కల్పన కాదని ఒప్పుకొనవలెను. అయితే ఈ వేలకొలది శ్వాసలలో మనము ఎఱిగి విడిచినవెన్ని? మెట్లెక్కి రొప్పినపుడును, పడిసెము పట్టి ముక్కు బిగిసినపుడును తప్ప తక్కినవన్నియు మన పేర జమకట్టబడి, మనకు తెలియకయే ఖర్చు వ్రాయబడుచున్నవి. అర్ధణా లెక్క తేలకున్న గుమాస్తాను నిలదీసిన వంశములలో పుట్టిన మనము ఈ ఖాతాను మాత్రము ఒక్కనాడును తెఱచి చూడలేదు.

ఆ ఖాతాను తెఱచి చూచుటయే ఒక విద్య. పాలిభాషలో దానికి ఆనాపానసతి యని పేరు, సంస్కృతమున ఆనాపానస్మృతి. ఆనమనగా లోనికి పోవు ఊపిరి, అపానమనగా వెలికి వచ్చునది. పంచప్రాణములలో చెప్పబడు అపానవాయువు వేఱు, ఇది వేఱు. ఈ మాటసామ్యమువలన చదివినవారు సయితము పొరబడుచుందురు. స్మృతి యనగా ఇక్కడ గడచినదానిని జ్ఞప్తికి తెచ్చుకొనుట కాదు, ఇప్పుడు జరుగుచున్నదానిని మఱవకుండుట. మజ్ఝిమనికాయమను గ్రంథమున 118వ సూత్రము దీనిని గూర్చినదే. శ్రావస్తీపురమున విశాఖ యను గృహిణి కట్టించి యిచ్చిన ప్రాసాదమునొద్ద, వానకాలము కడచిన పిమ్మట కార్తిక పూర్ణిమనాటి రాత్రి బుద్ధుడు భిక్షువులకు ఈ సాధన నుపదేశించెనని ఆ సూత్రము చెప్పుచున్నది. అందు మెట్లు పదునాఱు. శరీరము, వేదన, చిత్తము, ధర్మములు అను నాలుగింటికి నాలుగేసి చొప్పున అవి పంచబడినవి. మొదటి మెట్టు మిక్కిలి తేలిక: ఊపిరి దీర్ఘమైన దీర్ఘమని తెలిసికొనుట, రెండవది, హ్రస్వమైన హ్రస్వమని తెలిసికొనుట. వినుటకు తేలిక, చేయబోయినపుడు గదా తెలియును.

సంధ్యావందనము చేయువారికి ప్రాణాయామము క్రొత్త కాదు. ముక్కు పట్టుకొని, ఒక రంధ్రమున పీల్చి, బిగబట్టి, రెండవదానిగుండ విడుచుట మన యిండ్లలో ఉపనయనమునాడే వటువునకు నేర్పుదురు. పూరక కుంభక రేచకములకు మాత్రలు నిర్ణయింపబడియున్నవి. అక్కడ సాధకుడు యజమాని, ఊపిరి పాలేరు. ఆనాపానస్మృతిలో ఈ సంబంధము తలక్రిందులగును. ఊపిరిని లాగరాదు, ఆపరాదు, సాగదీయరాదు. అది పొట్టిగా వచ్చిన పొట్టిగానే రానిచ్చి, ఎడమ ముక్కున వచ్చిన ఎడమనే వచ్చుచున్నదని ఎఱుగవలెను. చేయవలసిన పని అంతకుమించి లేదు. పనియేమియు లేకుండుటయే దీనిలోని కష్టము. ఆజ్ఞాపించుటకు అలవాటుపడిన ప్రాణమునకు, అది కూలివానిని అదలించునదైనను, కుటుంబమును దిద్దునదైనను, కచేరీలో సంతకములు చేయునదైనను, ఊరక చూచుచు కూర్చుండుమనుట కంటె కఠినమైన శిక్ష వేఱొకటి లేదు.

ఇంతకును ఊపిరినే ఏల ఎన్నుకొనవలెను? గుండె మన మాట వినదు, ఆగుమన్న ఆగదు. చేయి మనము కదపనిదే కదలదు. ఈ రెండు రాజ్యముల పొలిమేరయందు ఊపిరి యొక్కటియే ఉన్నది. నిద్రలో అది తనంతట తాను నడచును. మెడకు పైభాగమున మెదడు అడుగునందున్న కేంద్రమొకటి దానిని నడిపించును. మేలుకొని తలచుకొన్నచో మన చేతికిని చిక్కును. అందుచేతనే దానిని చూడబోయినవెంటనే అది మన చేతిలోనికి వచ్చి కృత్రిమమైపోవును. క్రొత్తవారికి మొదట తగులు చిక్కు ఇదే. ‘నేను చూచుచున్నానా, లాగుచున్నానా?’ అని సందేహము కలుగును, రొమ్ము బిగియును, రెండు నిమిషములలో ఆయాసము వచ్చినట్లుండును. నేర్పువారు దీనికి చెప్పు ఉపాయము ఒక్కటే: ఊపిరిని వెంబడించి లోనికి పోవద్దు, నాసికాగ్రమున గాని, పై పెదవిపై గాని అది తగులుచోట నిలిచియుండుము.

అయిదవ శతాబ్దమున సింహళమునందలి అనురాధపురమున బుద్ధఘోషాచార్యుడు రచించిన విసుద్ధిమగ్గములో దీనికి ద్వారపాలకుని పోలిక యున్నది. ఊరి వాకిట కాపున్నవాడు ఊరిలోనివారిని గాని, వెలుపల దూరమున నున్నవారిని గాని విచారింపబోడు. వాకిటికి వచ్చినవానిని మాత్రము చూచును. ఈ పోలికను మించినది ఇంతవఱకు ఎవరును చెప్పలేకపోయిరి. మనస్సు నిలువనివారు శ్వాసలను లెక్కించుకొనవచ్చుననియు, ఆ లెక్క అయిదింటికి తక్కువగా ఆపరాదు, పదింటికి మించి పోనీయరాదు అనియు ఆచార్యుడు కొలత పెట్టెను. ఆయన గ్రంథాంతమున తన స్థలముగా చెప్పుకొన్న మోరండఖేటకము మన కృష్ణాతీరముననే యుండెనని కొందఱు పండితులు ఊహించిరి. ఈ ఊహను నమ్మి మనము ఊరేగింపు తీయనక్కఱలేదు. తేలని పేచీని తేలినట్లు చెప్పుకొనుట స్వదేశాభిమానము కాదు. ఊహింప పనిలేని సాక్ష్యము మనకు చాలినంత కలదు. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో, నేడు నాగార్జునకొండ యనబడుచోట, మూడవ శతాబ్దపు శాసనమొకటి సింహళవిహారమును పేర్కొనుచున్నది. అనగా లంకాద్వీపపు భిక్షువులు కృష్ణయొడ్డున వసించిరి, ఇక్కడివారును అక్కడివారును ఎఱిగియుండిరి. ఆ లోయ జలాశయములో మునిగినది. త్రవ్వి తీసిన శిలలు కొండకొమ్మున వస్తుప్రదర్శనశాలలో నున్నవి. అమరావతి శిలలు కొన్ని చెన్నపట్టణమునను, కొన్ని లండనునను నున్నవి. ఱాళ్లు ఎక్కడనున్నవో మనకు తెలియును. ఆ ఱాతిగదులలో భిక్షువులు కూర్చుండి ఏమి చేసిరో ఆ విద్య మాత్రము మన నేలపై లోపించినది. సింహళమునను, బర్మాలోను మిగిలినది.

అక్కడ మిగిలినదనుటలోను ఒక మాట చెప్పవలెను. ఆ దేశములందు సయితము చిరకాలము ఇది అరణ్యములలోని కొలదిమంది భిక్షువుల సొత్తుగానే యుండెను. గృహస్థుడు అన్నము పెట్టి పుణ్యము సంపాదించుకొనుటయే పరిపాటి. కన్నులు మూసి కూర్చుండుట అతని పని కాదు. ఈ పరిపాటి మాఱుటకు కారణమైనది ఒక రాజ్యనాశనము. 1885 నవంబరులో ఆంగ్లసేన మాండలే చేరి, థీబా రాజును పట్టి మన రత్నగిరికి తెచ్చి యుంచినది. ఆయన 1916లో అక్కడనే మరణించెను. అంతకు పూర్వము మన ఢిల్లీ బాదుషా బహదూర్ షాను రంగూనునకు పంపిరి. ఆయన 1862లో అక్కడ మరణించెను. ఒకరి రాజునకు మఱియొకరి దేశము కారాగారమైనది. రాజు పోయినపిదప శాసనమును కాపాడు దిక్కెవరని బర్మా భిక్షువులకు దిగులు పుట్టెను. లెడీ సయాడా (1846–1923) అను పండితభిక్షువు దానికొక సమాధానము కనుగొనెను. రాజునకు బదులు ప్రజయే కాపాడవలెను. కాపాడవలెనన్న ప్రజకు తెలియవలెను. ఆయన ఊరూర తిరిగి, పాలిలో బంధింపబడియున్న విషయములను వాడుక బర్మీ భాషలో చెప్పెను. ఆనాపానముపై ఒక దీపనిని వ్రాసెను. దున్నెడి ఎద్దును తినవలదని గోమాంసమునకు వ్యతిరేకముగా ఆయన ప్రకటించిన లేఖ యొకటి మన కృషీవలులకు ప్రియము కాదగినది. కడపట ఆయనకు చూపు పోయెను.

ఆయన చేసిన సాహసములలో పెద్దది, బోధనాధికారమును ఒక రైతున కిచ్చుట. రంగూనునకు ఏటికావల ప్యాబ్వేజీ గ్రామమున నివసించిన ఆ రైతు 1903 నాటి విషూచిలో కొడుకును కూతురును పోగొట్టుకొని, దుఃఖముతో గురువులను వెదకుచు తిరిగినవాడు. సయా థెట్‌జీ యని ఆయనకు పేరు వచ్చినది. చదువు స్వల్పము. తన పొలములో ఒక శాల వేసి ఆయన ఇతరులకు నేర్పుచుండగా, 1937లో రంగూను అకౌంటెంటు జనరలు కచేరీలోని ఉద్యోగి యొకడు రైలెక్కి వచ్చి ఆయన యెదుట కూర్చుండెను. ఆయనయే ఊ బా ఖిన్ (1899–1971). బర్మా స్వతంత్రమైన 1948 జనవరి 4వ తేదీన ఆ దేశమునకు అకౌంటెంటు జనరలైనవాడును ఆయనయే. 1950లో తన కచేరీ ఉద్యోగులకొఱకే అక్కడ ధ్యానసంఘమును నెలకొల్పెను. 1952లో రంగూనున ప్రత్యేకకేంద్రము నేర్పఱచెను. దేశపు జమాఖర్చులు చూచువాడు ఊపిరి జమాఖర్చు నేర్పుట నాకు అన్నివిధముల ఉచితముగానే తోచుచున్నది. ఉద్యోగభారము గలవానికి ధ్యానమునకు తీరిక లేదనెడి మన సాకునకు ఆయన జీవితమే జవాబు.

ఇక మన విషయము. లెడీ సయాడా ఊరూర తిరుగుచున్న దినములలో, సయా థెట్‌జీ శాల వేసిన దినములలో, రంగూను రేవులో బస్తాలు మోసినవారెవరు? తెలుగువారే. గంజాము మొదలు గోదావరి వఱకు గల తీరపు జిల్లాలనుండి ఏటేట వేలకొలది జనము ‘రంగము’ పోవుచుండిరి. కోరంగి రేవునుబట్టి బర్మీయులు మనవారిని కోరంగీలనిరి. రంగము పోయినవాడు తెచ్చిన టేకు మంచములును, లక్కపెట్టెలును నేటికిని కోస్తా గ్రామములలో కొన్ని యిండ్లనున్నవి. 1930 మే నెలలో కూలిరేట్లకై తెలుగు రేవుకూలీలు సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను పెట్టి, పిదప తీసివేసినందున రేగిన కలహములో మనవారు అనేకులు హతులైరి. జపానుయుద్ధములో 1942లో లక్షలకొలది భారతీయులు కొండలును అడవులును దాటి నడచివచ్చిరి. త్రోవలో చచ్చినవారికి లెక్క లేదు. తరువాతి కాలమున తిరిగివచ్చిన కాందిశీకుల జ్ఞాపకముగా విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట నేటికిని ఉన్నది. ఏటికి ఈవల బస్తా, ఆవల ఆ శాల. నడుమ పడవదూరము మాత్రమే. అయినను ఆ విద్య ఆ ఓడలలో మన ఒడ్డునకు రాలేదు. ఒక్క గదిలో వంతులవారీగా పండుకొన్న కూలివానిని ఇందుకు నిందించుట పాపము. అతనికి ఊపిరి యున్నది మోయుటకే గాని చూచుటకు కాదు. కాని కూలీలతో పాటు వర్తకులును, మేస్త్రీలును, గుమాస్తాలును, చదువుకొన్నవారును ఉండిరి గదా. ఇరుగుపొరుగు దేశమునకు జీతమునకును లాభమునకును పోయితిమి. అక్కడివారి యొద్ద నేర్వదగినదేమైన కలదా యని అడుగుట మనకు తోచలేదు. వారును మనలను అడుగలేదనుట సమాధానము కాదు.

తెచ్చినవాడు వేఱొకడు. 1924లో మాండలేలో పుట్టిన మార్వాడీ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా దుస్సహమైన తలనొప్పికి మార్ఫియా సూదులు వేయించుకొని, ఐరోపా, అమెరికా, జపాను దేశముల వైద్యులకు చూపించుకొని, విసిగి 1955లో ఊ బా ఖిన్ యొద్దకు వచ్చెను. తలనొప్పి కుదుర్చుటకైనచో రావలదని గురువు మొదట నిరాకరించెనట. శిష్యునికిని తనదైన శంక కలదు: హిందూకుటుంబమున పుట్టి ఇతరమతమున పడిపోవుదునేమో యని. ఊపిరికి మతమేమున్నదని లోపలికి పోయి చూచిన పిమ్మట గాని ఆ శంక తీరలేదు. బర్మాలో సైనికప్రభుత్వము 1962లో వచ్చి పరిశ్రమలను స్వాధీనపఱచుకొనగా ఆయన మిల్లులు పోయినవి, తీరిక దొరకినది. 1969 జూలైలో బొంబాయిలో తొలి శిబిరము నడిపెను. 2013లో ఆయన మరణించునాటికి లోకమున అనేకదేశములందు అట్టి కేంద్రములు వెలసినవి. హైదరాబాదునుండి నాగార్జునసాగరము పోవు దారిని 1976లో ఏర్పడిన ధమ్మఖేత్తము మనకు దగ్గఱిది. ఏ లోయలోనుండి విద్య పోయినదో ఆ లోయకు పోవు బాటప్రక్కనే అది తిరిగివచ్చి కూర్చున్నది.

అక్కడి నియమములు కఠినములు. వ్యవధి పది దినములు. వేకువ నాలుగు గంటలకు గంట మ్రోగును. తొమ్మిది దినములు మౌనము. పుస్తకము, కలము, చేతి టెలిఫోను మొదటిదినముననే అప్పగింపవలెను. మొదటి మూడు దినములు ఊపిరి తప్ప వేఱు పాఠము లేదు. నాలుగవనాడు శరీరమంతటి స్పర్శలను చూచు విపశ్యన నేర్పుదురు. జపము చేయువారిని అక్కడ నున్నంతవఱకు ఆపుమందురు. ఇది మనవారికి నొప్పి కలిగించు నియమము. వారి వాదమేమన, మనస్సు మంత్రమును పట్టుకొని హాయిగా నిలిచిపోవును, ఊపిరి మరల చూచువాడు లేనిదగునని. జపము కూడదని కాదు, రెండు పనులు ఒకమారు కూడవని. బసకు, భోజనమునకు రుసుము లేదు. ఒక శిబిరము పూర్తిచేసినవాడు తరువాతివానికై ఇచ్చినదే వారి మూలధనము. గురువుల పేర టిక్కెట్టులమ్ము ఈ కాలమున ఈ యొక్క నియమమునకైనను వారికి నమస్కరింపవలెను. 1994 ఏప్రిలులో ఢిల్లీ తీహారు కారాగృహమున వేయిమందికి పైగా ఖైదీలు ఒక్కమారు ఈ శిబిరమున కూర్చుండిరి.

ఈ సాధనను మెచ్చుకొనుట వేఱు, దీనిని సర్వరోగనివారిణిగా అమ్ముట వేఱు. ఊపిరి చూచిన మధుమేహము పోవుననియు, మందులు మానవచ్చుననియు చెప్పువారు మన యూళ్లలోనే బయలుదేరియున్నారు. 2014లో అమెరికా వైద్యసంఘమువారి పత్రికలో ప్రకటింపబడిన పరిశీలన యొకటి కలదు. అందు 47 పరీక్షలను, 3,515 మంది అనుభవమును కలిపి చూచిరి. ధ్యానమువలన ఆందోళన, మనోవ్యాకులత, నొప్పి కొంతమట్టుకు తగ్గుచున్నవని తేల్చిరి. మందుకంటె, వ్యాయామముకంటె అది మేలైనదనుటకు మాత్రము ఆధారము లేదనిరి. ఇంతకంటె పెద్ద మాట చెప్పువానిని నమ్మవలదు. మఱియు తీవ్రమైన మనోరోగము గలవారు పది దినముల మౌనమున కూర్చుండుట అపాయకరము. ఈ కేంద్రములవారే ముందుగా విచారించి అట్టివారిని చేర్చుకొనకుండుదురు. తలనొప్పి కుదుర్చుకొనవచ్చినవానిని వెనుకకు పొమ్మన్న ఆ అకౌంటెంటు జనరలు మాట ఇక్కడ స్మరింపదగినది.

మఱి కుదురునదేమి? నేను చూచినంతలో చెప్పెదను. కోపము నోటికి రాకముందే ఊపిరిలోనికి వచ్చును. సరిహద్దు గట్టు విషయమై ప్రక్కరైతు వచ్చి వాకిట నిలిచినపుడు, నా మాట ఇంకను మర్యాదగానే యుండగా, శ్వాస అప్పటికే పొట్టియై వేడెక్కి యుండుట ఒకనాడు గమనించితిని. ఇరువది యేండ్లుగా మా నడుమ నడచుచున్న ఆ తగవులో నా కోపము నాకు ముందుగా తెలిసినది అదియే మొదటిసారి. తగవు తీఱలేదు. ఆనాడు కేకలు మాత్రము లేవు. అతడు మజ్జిగ త్రాగి పోయెను.

ఇంట ప్రారంభింపదలచినవారికి వేకువ పావుగంట చాలును. నేలపై కూర్చుండలేనివారు కుర్చీలో కూర్చుండవచ్చును. వెన్ను నిలిచియుండిన చాలును. ఊపిరి బిగిసినట్లు తోచిన లేచి నాలుగడుగులు వేసి మరల కూర్చుండవలెను గాని పంతము పట్టరాదు. మనస్సు పోయినది, పోయినదని తెలిసినది, తిరిగి తెచ్చుకొంటిమి. సాధన యనగా ఇంతియే, ఇట్లు నూఱుమారులు. నేను మూడేండ్లుగా కూర్చుండుచున్నాను. నేటి యుదయమున నాకు వరుసగా దక్కినవి ఏడు శ్వాసలు. ఎనిమిదవదానికి తోటలో బోరుమోటారు ఆగిన చప్పుడు వినవచ్చినది.